మా బావ, నా మడమ మచ్చ

రొయ్య పెంకు మీద గుండుసూది తలంత తెల్లమచ్చ కనబడితే చాలు, దాన్ని సంచిలో వేసుకుని నెల్లూరు ల్యాబుకు పరుగెత్తే మనిషిని నేను. అలాంటివాణ్ణి, నా ఎడమ మడమ కింద రూపాయి బిళ్లంత నల్లమచ్చను ఏడాదిన్నర తొక్కుకుంటూ తిరిగాను. అంతకుముందు అక్కడ ఆనెకాయ ఉంటే నల్లజీడి కాల్చి వాత పెట్టుకున్నాను. ఆ మరకేలే అనుకున్నాను. మరక పెరుగుతోందేమిటని కూడా అనుమానం రాలేదు.

అది పుండై చెప్పు తడిశాక గానీ ఆస్పత్రికి వెళ్లలేదు. చర్మపు క్యాన్సర్ అన్నారు, కోసి తీశారు. తోటపల్లి గూడూరులో మా రొయ్యల గుంటల గట్ల మీద మళ్లీ నడిచాను.

రెండేళ్లకు కుడిచెవి మూసుకుపోయింది. గుంటలో నీళ్లు చిలికే ఏరియేటర్లు ఆపినా నా చెవిలో అవి తిరుగుతూనే ఉండేవి. చెవి డాక్టరు గులిమి తీసి, మిషను పెట్టుకోమన్నాడు. ఇదివరకు ఏమైనా జబ్బు చేసిందా అని అడగలేదు. నేనూ చెప్పలేదు. చెవికి వెళ్లి మడమ చూపించేవాడు ఎవడుంటాడు?

తూలి గుంటలో పడ్డాక తలకు స్కానింగ్ తీశారు. మడమలో జబ్బే మెదడుకు చేరి, వినికిడి నరం పక్కన కూర్చుందట. కాలి కింద ఉండాల్సినదాన్ని నెత్తికెక్కించుకున్నాను.

ఈ మాట నాకెవరూ చెప్పలేదు. నేను ఎదురుగా ఉండగానే పెద్ద డాక్టరు మా అక్క మొగుడివైపు తిరిగి అదంతా చెప్పుకొచ్చి, "పేషెంటుకు చెప్పారా?" అన్నాడు.

"వద్దు సార్, బెదురుకుంటాడు. అయినా వీడికేం వినపడదులే," అన్నాడు బావ, నా ఎడమ పక్క కూర్చుని.

పోయింది కుడిచెవి. ఎడమది నిక్షేపంలా ఉంది.

ఒళ్లు మండిపోయింది. మడమ నాది, చెవి నాది, తల నాది. రొయ్యకు జబ్బొస్తే రైతుకు చెప్తారు, రొయ్యకు చెప్పరు. అంటే బావ రైతు, నేను రొయ్య. ఇంటికొచ్చాక అందరూ నా చెవి దగ్గర నోరు పెట్టి, "నరం బలహీనమంట, మందులకి తగ్గిపోద్ది," అని కేకలు. నిజం గుసగుసగా, అబద్ధం అరిచి.

తలకు కరెంటు, అదే రేడియేషన్, పెట్టాలా వద్దా అని తేల్చే రోజు మళ్లీ వెళ్లాం. డాక్టరు కుర్చీ బావవైపు తిప్పాడు. నేను లేచి, బావ భుజం పట్టుకుని తలుపుదాకా నడిపించాను.

"యాడికి రా?"

"బయట కూర్చో బావా."

ఆయన గడప దాటాక, వరండాలో అందరికీ వినపడేలా చెప్పాను.

"సార్, మా బావకేం చెప్పొద్దండి. బెదురుకుంటాడు."

తలుపు వేసి, బావ కుర్చీలో కూర్చుని, ఎడమచెవి డాక్టరువైపు పెట్టాను.