నోటీసులో నాలుగో గడి

మా ధర్మసంస్థ అచ్చువేసిన చరిత్ర పుస్తకంలో అద్దె ఇళ్ల విభాగానికి ఒక పేజీ ఇచ్చారు. మునిరత్నం సంగతి అందులో లేదు. దాని గురించి కార్యదర్శిగారికి మూడు రిజిస్టర్డు ఉత్తరాలు రాశాను. అందుకున్నట్టు సంతకాలు వచ్చాయి కానీ జవాబు రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

1978లో నన్ను చిత్తూరు ఆఫీసు నుంచి తిరుపతికి విచారణ గుమాస్తాగా వేశారు. సంస్థకు అక్కడ ఇరవై నాలుగు పోర్షన్ల వరస ఇళ్లుండేవి. ఇల్లు కావలసినవారు పాత ఇంటి యజమాని రాసిచ్చిన చీటీ, ఏడాది బాడుగ రసీదులు తేవాలి. అవి లేనివారి గురించి నేనే వెళ్లి వాకబు చేసి నివేదిక రాయాలి. ఆపైన పేరు, ఊరు, వృత్తి, పూర్వ నివాసం అనే నాలుగు గడులతో ఒక నోటీసు నింపి, వరస ఇళ్ల గోడకు వారంపాటు అంటించాలి. అభ్యంతరాలు వస్తే ఫైలు కమిటీకి పోతుంది.

అలా చీటీ, రసీదులు లేకుండా ఇల్లడగడానికి వచ్చిన మునిరత్నం టైలరు. క్షయ ఆసుపత్రిలో ఆరేళ్లుండి, నయమై బయటికి వచ్చి, సత్రంలో తలదాచుకుంటున్నాడు. భార్య చనిపోయింది. ఎనిమిదేళ్ల కూతురు పూతలపట్టులో బావమరిది ఇంట్లో ఉంది.

"చీటీ యాడ తెచ్చేది సార్? ఆరేండ్లుగా ఆసుపత్రి మంచమే నా బాడుగిల్లు" అని నవ్వాడు.

ఆసుపత్రికి వెళ్లాను. రోగం పూర్తిగా పోయిందని డాక్టరు సర్టిఫికెట్టు ఇచ్చాడు. పూతలపట్టుకూ వెళ్లాను. "ఇల్లు సూపిస్తే ఈ పొద్దే పంపిస్తా. సత్రంలోకి ఆడబిడ్డను యెట్ట పంపేది?" అన్నాడు బావమరిది. ఆ పిల్ల నా సంచీ వంక చూసి, "తాళంచెవి తెచ్చినావా?" అని అడిగింది.

ఇల్లు ఇవ్వవచ్చని రెండు పేజీల నివేదిక రాశాను. తరువాత నోటీసు నింపాను. నాలుగో గడిలో అతని సొంత ఊరు రాసినా నిబంధన ఒప్పుకునేది. నేను క్షయ ఆసుపత్రి అని రాసి, నా చేత్తోనే అంటించాను.

మరునాడు బావి దగ్గర రాజమ్మ అనే పాత అద్దెదారు నన్ను నిలేసింది. "ఏమప్పా గుమాస్తా, అందరం ఒగే బొక్కెనతో నీళ్లు తోడుకుంటాండాము. దగ్గేవాణ్ణి తెచ్చి మా నడాన పెడ్తావా? నీ పక్కింట్లో పెట్టుకో పో!"

సర్టిఫికెట్టు చూపించాను.

"కాగితానికి దగ్గు రాదులే నాయనా" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

వారం తిరగకముందే పంతొమ్మిది ఇళ్లవాళ్లు అభ్యంతరం మీద వేలిముద్రలు, సంతకాలు పెట్టారు. దానితోపాటు నా నివేదికను, సర్టిఫికెట్టును కమిటీకి పంపమని మేనేజరును అడిగాను. ముట్టినట్టు సంతకం కూడా చేశాడు. కమిటీ తీర్మానంలో మాత్రం "విచారణ నివేదిక దాఖలు కానందున తిరస్కరించడమైనది" అని ఉంది. ఆ పోర్షను నాలుగు నెలలు ఖాళీగా ఉండిపోయింది.

మునిరత్నం గోడ మీది నోటీసు చదువుకున్నాడు. "నిజమే రాసినారు గదా సార్" అన్నాడు. తిరిగి ఆసుపత్రికే పోయి, దుప్పట్లు కుట్టే పనిలో చేరాడు. రెండేళ్ల తరువాత వాకబు చేస్తే, అక్కడే పోయాడన్నారు. కూతురు అతని దగ్గరికి చేరనే లేదు.

రసీదులు లేని మనిషి గురించి నిజం తెలుసుకోవడం గుమాస్తా పని. దాన్ని గోడకెక్కించడం కాదు. ఆ తప్పు నాది, ఒప్పుకుంటున్నాను. నివేదికను తీసేసింది మాత్రం నేను కాదు. ఆ ఫైలు ఇద్దరి చేతుల మీదుగానే పోయింది. ఒకరు మేనేజరు, ఆయన ఇప్పుడు లేరు. రెండోవారు అప్పటి కమిటీ గుమాస్తా, నేటి కార్యదర్శిగారు. అయ్యా, ఆ రెండు పేజీలు తీసింది ఎవరు? పేరు చెప్పండి.