తిప్పని కట్టలు

పుష్పలతకు లెక్కలు రావని ఎవరైనా అంటే నేనొప్పుకోను. అవకలనం (డిఫరెన్షియేషన్) సూత్రాలన్నీ ఆ పిల్లకు కంఠతా వచ్చు. ఆమెను ముంచేది సూత్రం అయిపోయాక వచ్చే మామూలు కూడిక తీసివేతలు. బ్రాకెట్టు ముందు మైనస్ కనిపిస్తే మొదటి పదానికి గుర్తు మార్చి, వెనకున్నదాన్ని అలాగే వదిలేస్తుంది. ఇంటర్‌లో అన్నీ పాసయి, ఈ ఒక్క పేపరు దగ్గర చతికిలబడింది. సప్లిమెంటరీలోనూ తప్పితే ఖమ్మంలో డిగ్రీ సీటు పోయినట్టే.

పరీక్ష ముందు ఎండల్లో తల్లి భీమక్కతో కలిసి బీడీలు చుట్టే తునికాకు పనికి పోయింది. కట్టలు కట్టిన ఆకును కల్లంలో వరసలుగా పేర్చి, పైపక్క ఎండాక ప్రతి కట్టనూ బోర్లా తిప్పాలి. పుస్తకం పట్టుకోవాలన్న తొందరలో పుష్పలత ప్రతి వరసకూ ముందున్న కట్టను మాత్రమే తిప్పి ఇంటికి పరిగెత్తింది. ఆరని కట్టలకు అడుగున బూజు పట్టింది. కాంట్రాక్టరు మనిషి వాటిని పక్కన పడేశాడు.

భీమక్క తిట్టలేదు.

"ముందలది తిప్పినవ్. ఎనకున్నయి ఎవరు తిప్పుతరు బిడ్డా?" అంది.

అంతకంటే నాలుగు తిట్లు తిన్నా బాగుండేదని పుష్పలత కుమిలిపోయింది.

భద్రాచలంలో పరీక్ష. (2x + 3)ను (4x + 5)తో భాగించి ఉంది, అవకలజం కావాలి. చేయి దానంతటదే పరిగెత్తింది. పైన 8x + 10 వచ్చింది, అందులోంచి 8x + 12 తీసేయాలి. x పదాలు కొట్టుకుపోయి 22 మిగిలింది.

ఎందుకో మనసు ఒప్పలేదు. x బదులు సున్నా వేసి చూసింది, ఐదింట మూడు. ఒకటి వేసింది, తొమ్మిదింట ఐదు. విలువ తగ్గుతోంది. తగ్గేదానికి జవాబు ప్లస్‌లో ఎలా వస్తుంది? తప్పెక్కడో దొరకడం లేదు. ఇన్విజిలేటరు పేపర్లు తీసుకుంటూ ముందు బెంచీ దాకా వచ్చేశాడు.

అప్పుడు తల్లి మాట గుర్తొచ్చింది. వెనకున్న పన్నెండును చూసింది. దాన్ని తిప్పనే లేదు.

22 కొట్టేసి, బ్రాకెట్టు పెట్టి, పదిలోంచి పన్నెండు తీసేసింది. మైనస్ రెండు. చుక్క పెడుతుండగానే పేపరు చేతిలోంచి వెళ్లిపోయింది.

ఫలితాలొచ్చిన రోజు సెల్‌లో చూసుకుంటే అంచు మీద గట్టెక్కింది. ఆ ఒక్క లెక్క పోయి ఉంటే పేపరూ పోయేది.

"ఎట్ల పాసైనవ్ బిడ్డా?" అని అడిగింది భీమక్క.

"ఈసారి ఎనకున్నయి గూడ తిప్పిన, అమ్మా."