చెట్టు ఎవరిదని అవ్వ అడిగితే

నిన్న మెడికల్ షాపులో నీలం కాగితం చుట్టిన దూది కట్ట కొన్నాను. గోదావరిఖని క్వార్టర్లలో పెరిగిన మనవాళ్ళకు గుర్తుందా? డిసెంబరులో ఆ దూదే మనకు మంచు.

మా అమ్మ క్రైస్తవురాలు, నాన్న కాదు. పెళ్ళయ్యాక చర్చికి వెళ్ళనని, క్రిస్మస్ చెయ్యనని అమ్మ తన అత్తకు, అంటే మా అవ్వకు మాటిచ్చిందట. అయినా ఏటా మా ఇంట్లో ఇసుక డబ్బాలో సరుగుడు కొమ్మ లేచేది. నాకు ఏడేళ్ళప్పుడు, అమ్మ బజారుకు వెళ్ళిన సమయంలో అవ్వ చెప్పకుండా ఊరినుంచి దిగింది.

"ఈ చెట్టు ఎవరిదే?"

"స్కూల్ల చెయ్యమన్నరు" అన్నాను.

అవ్వ చాప మీద కూర్చుని దూది అందుకుంది. వత్తులు చేస్తుందనుకున్నాను. తుంచి కొమ్మల మీద పెట్టసాగింది. ఆమెను ఆపాలో, సాయం చెయ్యాలో నాకు తోచలేదు.

అంతలో అమ్మ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"గట్ల నిలబడ్డవేంది బిడ్డా? పైన చుక్క కట్టాలె గద, తే" అంది అవ్వ.

"నీకెట్ల తెల్సు అత్తమ్మా?"

"పోయినేడు బీరువాల నీ చీరల కింద చుక్కను చూసిన. నువ్వే చెప్తవని ఊకున్న."

అమ్మ చుక్క తెచ్చింది. మాటిచ్చి తప్పినందుకు తిట్టాల్సిన అవ్వ నవ్వుతోంది. తిట్లు తప్పిన అమ్మ ఏడుస్తోంది. నాకేమీ అర్థం కాలేదు. అవ్వ కొమ్మ వంచి పట్టుకుంటే, ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తూ చుక్క నేనే కట్టాను.