సముద్రంలోకి నడిచిన బేరం

ఆ రోజుల్లో సిడ్నీలో తెలుగువాడు బతకడానికి పెద్ద తెలివితేటలేమీ అక్కర్లేదు, కోబాల్ అనే కంప్యూటర్ భాష వస్తే చాలు. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెలతో రాసి ఊరుకున్నారట, వాటిని నాలుగంకెలు చేయడానికి మమ్మల్ని విమానాలెక్కించి మరీ తెప్పించుకునేవారు. రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచం ఆగిపోతుందేమోనని దొరలు వణుకుతుంటే, హారిస్ పార్క్‌లో ఒకే ఇంట్లో ఇరుక్కున్న మేమంతా ఆ వణుకు ఇంకొన్నాళ్లు సాగితే బాగుండునని మొక్కుకునేవాళ్లం. నేను చీరాలలో బట్టల కొట్టువాళ్ల పిల్లవాణ్ణి. నడక నేర్చింది తానుల మధ్య, మాట నేర్చింది బేరాల మధ్య. కొనేటప్పుడు మా ఇంటి సూత్రం ఒక్కటే. నచ్చిన సరుకు వంక నచ్చినట్టు చూడకూడదు. కాస్త మూతి విరిచి, "చూద్దాంలెండి" అని లేచి, నెమ్మదిగా నడక సాగించాలి. వెనకనుంచి పిలుపు వచ్చి తీరుతుంది. (హారిస్ పార్క్‌లో కందిపప్పు దగ్గర కూడా నాకు ఈ నడక తప్పేది కాదు. కొట్టాయన మనవైపు మనిషే కాబట్టి, తిట్టుకుంటూనే పిలిచేవాడు.)

అలాంటి నన్ను ఆఫీసువాళ్లు పనిమీద మాంచెస్టర్ పంపుతున్నారని తెలిసి, మా మేనత్త చీరాల నుంచి ఫోన్ చేసింది. "ఒరేయ్, ఆ పక్కనే బాంగోర్ అని ఒక సిటీ ఉందిట. ఒంగోలు మందుల షాపాయన కూతురు అక్కడ సముద్రం మీద పరిశోధన చేస్తోందిట. ఫొటో చూశాను, బాగుంది. ఆదివారం పూట వెళ్లి చూసిరా."

"సముద్రం మీద ఏం చేస్తుందత్తా?"

"నాకేం తెలుసురా, నీళ్లు కొలుస్తుందేమో! నోరు అదుపులో పెట్టుకో. అక్కడ కూడా బేరాలాడావంటే చంపుతాను."

సిటీ అన్నారు కదా అని నేను కనీసం విజయవాడంత ఊరు ఊహించుకున్నాను. రైలు దిగి బయటికొచ్చి చుట్టూ చూశాను. సిటీ ఏదీ? ఒక పొడుగాటి బజారు, కొండమీద కోటలాంటి కట్టడం ఒకటి, బోర్డులన్నీ రెండు భాషల్లో, వాటిలో ఒకటి అచ్చులు కరువైనట్టుండే భాష. స్టేషన్ దగ్గర ఆ అమ్మాయి, పక్కనే గొడుగుతో ఆమె ఇంటి యజమానురాలు నిలబడి ఉన్నారు. (కొత్తవాడితో ఒంటరిగా పంపనని ఈ వేల్స్ ముసలమ్మ ఒంగోలుకు ఫోన్‌లో మాటిచ్చిందట. మా పెద్దవాళ్లకు ప్రపంచమంతా చుట్టాలే.)

"ఇది నిజంగా సిటీయేనాండీ?" అన్నాను, నమస్కారం కూడా మరిచిపోయి.

"కేథడ్రల్ ఉందండీ, అందుకని సిటీయే. ఎన్నో వందల ఏళ్లనాటిది."

కొండమీది కట్టడం వైపు భక్తిగా చూశాను.

"అది మా యూనివర్సిటీ. కేథడ్రల్ అదుగో, ఆ పల్లంలో."

దేవుడు పల్లంలో, చదువు కొండమీద! ఆ ఆశ్చర్యం తీరకముందే సముద్రం చూపిస్తానని తీసుకెళ్లింది. తీరా చూస్తే కనుచూపు మేర బురద. పడవలు ఒరిగి పడుకుని ఉన్నాయి.

"సముద్రం ఏదండీ?"

"ఆటు టైమండీ. సాయంత్రానికి వస్తుంది."

చీరాలలో పుట్టి పెరిగినవాణ్ణి, సముద్రం ఇలా డ్యూటీ దిగి వెళ్లిపోవడం ఎన్నడూ ఎరగను. నోరు తెరిచి నిలబడితే ఆ అమ్మాయి నవ్వింది. ఆ నవ్వుతోనే నా పని అయిపోయింది. సముద్రంలోకి బారుగా వేసిన చెక్కల వంతెన మీద, మధ్యలో ఒక బెంచీ చూసుకుని కూర్చున్నాం. ముసలమ్మ పక్క బెంచీలో అల్లికతో స్థిరపడింది. ఆ అమ్మాయి బురద గురించి, పీతల గురించి, చంద్రుడు నీళ్లను లాగే లెక్క గురించి చెప్పింది. నాకు పీతలు కూడా అందంగా కనిపించసాగాయి. ఇంతగా నచ్చిందని ముఖంలో తెలిసిపోతుందేమోనని హడలిపోయి, రక్తంలో ఉన్న విద్య బయటికి తీశాను. ఒకసారి వాచీ చూసుకున్నాను. మూతి కొద్దిగా విరిచాను.

"సరేనండీ. ఆలోచించి చెబుతాను" అని లేచాను.

"అలాగేనండీ, మంచిది" అంది ఆ అమ్మాయి.

అంతే! ఒక్క ముక్క ఎక్కువ లేదు. పిలుస్తుందిలే అనుకుని నెమ్మదిగా నడిచాను. పిలుపు రాలేదు. ఇంకాస్త నెమ్మదిగా నడిచాను. అప్పుడు తల ఎత్తి చూస్తే ఎదురుగా ఇనుప కమ్మీ, ఆ వెనక ఆకాశం. గాభరాలో ఒడ్డువైపు కాక సముద్రం వైపు నడిచాను! మా చీరాల బజారులో ఎటు నడిచినా ఏదో ఒక వీధిలో తేలతాం. ఈ వంతెన అవతలి ఒడ్డుదాకా పోదని నాకెవరు చెప్పారు? బయటపడాలంటే మళ్లీ వాళ్ల ముందునుంచే రావాలి. కమ్మీ పట్టుకుని, చాలా ముఖ్యమైన సంగతేదో పరిశీలిస్తున్నవాడిలా బురదను చూస్తూ నిలబడ్డాను.

చివరికి చలికి ఓడి వెనక్కి వచ్చాను. "పాపం, దారి తప్పాడా అబ్బాయి?" అంది ముసలమ్మ ఇంగ్లీషులో, అల్లిక ఆపకుండా.

ఆ అమ్మాయి నవ్వలేదు. "మీరు బట్టల కొట్టువాళ్లని మీ అత్తయ్యగారు చెప్పారు. మాది మందుల షాపండీ. మా దగ్గర బేరం ఉండదు. కావాలంటే తీసుకుంటారు, వద్దంటే పోతారు, వెనక్కి పిలవం. అయినా మీరొక్కరే చూడటానికి వచ్చారనుకున్నారా? పొద్దుటినుంచీ నేనూ చూస్తున్నాను" అని, ముసలమ్మ చేయి పట్టుకుని ఒడ్డువైపు నడక సాగించింది.

అంటే ఈ బేరంలో సరుకు నేనా? ఆమె అడుగులు మావాళ్ల నడకలా తమాషాకి నెమ్మదిగా లేవు. నిజంగానే వెళ్లిపోతోంది.

"ఏవండీ!" అని అరిచాను. వంతెన మీద పోటు కోసం గాలాలు సర్దుకుంటున్నవాళ్లంతా తిరిగి చూశారు. "నచ్చారండీ! చాలా నచ్చారు!"

ఆగింది. "నా రీసెర్చ్ అయ్యేదాకా ఇక్కణ్ణుంచి కదలను."

"సరే."

"ఆ తర్వాత కూడా సముద్రం లేని ఊళ్లో ఉండను."

"సరేనండీ!"

జన్మలో మొదటిసారి, చెప్పిన మాటకు చెప్పినట్టు ఒప్పుకున్నాను.

ఆ సంగతి నిన్న సిడ్నీలో ఆర్వో టీ (మధ్యాహ్నాన్ని ఇక్కడ ఆర్వో అంటారు) తాగుతూ చెబుతుంటే, ఇక్కడే పుట్టిన మా అమ్మాయి కళ్లు పెద్దవి చేసింది. "డాడ్, యు యెల్డ్? ఇన్ పబ్లిక్?"

"యెల్డ్ కాదే, ఏడ్చినంత పని చేశాడు మీ నాన్న" అంది మా ఆవిడ లోపలినుంచి. కాదని వాదించబోయి ఊరుకున్నాను. రూమ్మేట్ దగ్గర ఎరువు తెచ్చుకున్న కోటులో, చలికి ముక్కు ఎర్రబడి, ఊరిపేరైనా సరిగా పలకలేని చోట గొంతు చించుకున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. ఇంత తెలివిమీరిన ఇప్పటి నేనైతే, అంత గట్టిగా అరవగలిగేవాణ్ణి కాదేమో.