గవ్వలాటలో స్రవంతి పెట్టిన పని

మెట్రోలో పక్క సీటు పిల్ల ఫోనులోంచి నాపరాయి మీద గవ్వలు దొర్లిన చప్పుడు వినిపించింది. అవి నా గవ్వలే. ఆ చప్పుడును పట్టి, ఆట చేసి, అందరూ ఆడుకునేలా నెట్‌లో పెట్టిన స్రవంతి గుర్తొచ్చింది.

కూకట్‌పల్లిలో మా పై వాటాలో అద్దెకుండేది. వరంగల్ వైపు పిల్ల. మాదాపూర్‌లో ఉద్యోగం పోయింది. కోకాపేటలో ఒక ఆఫీసువాళ్ళు, ఉద్యోగం కావాలంటే తను చేసిన ఆట ఏదైనా తెచ్చి చూపించమన్నారట. అష్టాచమ్మా చేస్తానని, ఎలా ఆడాలో అడగడానికి నా దగ్గరికొచ్చింది. తను చెప్తుంటే కంప్యూటర్‌లో ఏఐ చకచకా రాసిపెట్టేది. నేను చదివింది మూడో తరగతే, అయినా అంత తొందరగా అయ్యే పనిని నమ్మను.

నేను ఆడుతుంటే కంప్యూటర్‌కి వరసగా ఎనిమిదులు పడ్డాయి.

"దొంగాట! ఆపెయ్యి," అన్నాను.

స్రవంతి నవ్వలేదు. "అనుమానం మంచిదే అమ్మమ్మా. కని ఊకె తిట్టుడెందుకు? వేసి చూద్దాం."

ఆ మధ్యాహ్నమంతా నా చేత గవ్వలు వేయించింది, కంప్యూటర్ చేతా వేయించింది. ఎనిమిదులు ఇద్దరికీ ఇంచుమించు సమానంగానే పడ్డాయి. దొంగాట లేదు. ఇంట్లోవాళ్ళు నా అనుమానాన్ని నోటి దురుసనేవారు. దానికి పని చెప్పింది ఆ పిల్ల ఒక్కతే.

మర్నాడు ఇంకొకటి పట్టాను. ఎదుటి కాయను ఒక్కటైనా చంపితేగానీ లోపలి గళ్ళలోకి పోకూడదు, కంప్యూటర్ కాయ చంపకుండానే పోయింది. స్రవంతి ఆ సంగతి ఏఐకి టైపు చేసింది.

"'మీరు చెప్పింది కరెక్టే, సరిచేశాను' అంటుంది అమ్మమ్మా."

ఆ వినయం నాకు నచ్చలేదు. "ఇప్పుడు చంపక్కర్లేదని చెప్పు. నేనే పొరబడ్డానను."

"అబద్ధం చెప్పాల్నా?"

"చెప్పు పిల్లా."

టైపు చేసి, వచ్చింది చదివి తెల్లమొహం వేసింది. "గిదీ కరెక్టేనంట. మళ్ల మార్చింది!"

"అన్నదానికల్లా తలూపేదాన్ని నమ్ముకుని కోకాపేట పోతావా? వాళ్ళు తప్పు పడితే దాన్ని చూపిస్తావా?"

ఆ తర్వాత ఏఐ రాసిన ప్రతి ముక్కా తను చదివి, నాతో ఆడించి, అప్పుడే ఉంచింది. ఇదంతా సరిగ్గా ఉందని నీకెలా తెలుసని అడిగారట అక్కడ. "ఆడి చూసినం సార్," అందట. ఉద్యోగమిచ్చారు. వాటా ఖాళీ చేసి అటే వెళ్ళిపోయింది.

నా అనుమానం మాత్రం తగ్గలేదు. మొన్న పాలు పలచగా అనిపించాయి. ఒకప్పుడైతే పాలాయన్ని గేటు దగ్గరే కడిగేసేదాన్ని. ఈసారి కాచాను, తోడుపెట్టాను, పొద్దున్నే మూత తీసి చూశాను. పెరుగు నీళ్ళగానే ఉంది.

అప్పుడు పిలిచాను పాలాయన్ని.