కంచరపాలెంలో ఆరు ఇళ్ల అర్జీ

మా తమ్ముడు డెబ్బై ఒకటి యుద్ధంలో పోయాడు. ఆ తరవాత రెండేళ్లకు పైగా అతని భార్య రత్నం ఏలూరులో మా ఇంటి గడప దాటలేదు. అదే పటాలంలో పోయిన మరో జవాను భార్య అప్పలనరసమ్మ కంచరపాలెం నుంచి ఎవరిచేతో ఉత్తరం రాయించింది. "మాలాంటోలం ఆరుగురం ఒక్కకాడే ఉంటన్నాం. ఓపాలొచ్చి సూడండి" అని. వాళ్లెలా నెట్టుకొస్తున్నారో చూడాలనిపించింది. బడికి వేసవి సెలవులివ్వగానే రత్నాన్ని బతిమాలి బయల్దేరదీశాను.

ఉదయం ఆరింటికి రైలెక్కాం. సామర్లకోటలో ఇడ్లీ పొట్లాలు కొంటే రత్నం ఒక్క ఇడ్లీ తింది. తునిలో మామిడిపళ్ల బుట్టతో ఎక్కినామె, "ఎక్కడికమ్మా, సింహాచలమా?" అనడిగింది.

"కాదు, తెలిసినవాళ్లింటికి" అన్నాను.

"తెలిసినవాళ్లేంటి వదినా, ఒక్కసారైనా చూడలేదుగా" అంది రత్నం మెల్లగా. పొద్దుట్నుంచీ అదే మొదటి మాట.

ఒంటిగంట దాటాక వాల్తేరులో దిగి రిక్షా ఎక్కాం. పావుగంటలో రైలు పట్టాల పక్క సందులో ఒక పెంకుటింటి ముందు ఆపాడు. పొడుగాటి వసారా. రెండు కుట్టుమిషన్లు, వాసాలకు కట్టిన మూడు చీర ఉయ్యాలలు. అప్పలనరసమ్మ ఎత్తయిన మనిషి. చంకలో పసివాడున్నాడు.

"మేనల్లుడా?" అన్నాను.

"కాదమ్మా, జాలరిపేటలో సేపలమ్మే మనిషి కొడుకు. సాయంత్రందాకా మా కొడుకే" అని నవ్వింది. పనికి పోయే తల్లులు పిల్లల్ని అక్కడ దింపి వెళతారట.

భోజనాలయ్యాక అసలు సంగతి చెప్పింది. ఆరుగురికీ అత్తవారి ఊళ్లలో చోటు లేకపోయింది. పక్కపక్కనే ఇళ్ల స్థలాలిమ్మని అర్జీ పెడితే రెండుసార్లు వెనక్కొచ్చింది.

"తప్పేటో సెప్పరు. పంతులమ్మవి కదా, నువ్వు రాసీయమ్మా."

నేను నాలుగు వాక్యాలు రాశానో లేదో, వెనక నుంచి రత్నం అంది: "అలా కాదు వదినా. పటాలం నంబరు పైనుండాలి. ఆరుగురివీ ఆరు అర్జీలు. పక్కపక్కనే కావాలని వేరే కాగితం జతచెయ్యాలి."

"నీకెలా తెలుసు?"

"రెండేళ్లుగా ఆయన పింఛను కాగితాల కోసం నేను చేసిందదేగా."

తలుపు వేసుకుంటే ఏడుస్తోందనుకున్నాను. ఉత్తరాలు రాసి, నేను బడికెళ్లాక పోస్టుమాన్ చేతికిస్తోందని నాకు తెలియదు.

కలం తనే తీసుకుంది. ఒక్కొక్కరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని వివరాలడిగింది. ఒకామె మొగుడి పేరు నోటితో చెప్పలేక మెలికలు తిరిగితే పక్కామె అందించింది. అందరూ నవ్వారు. రత్నం కూడా నవ్వింది.

ఆ రాత్రి వసారాలోనే పడుకున్నాం. మర్నాడు పదిన్నరకు సిటీబస్సులో కలెక్టరాఫీసుకు వెళ్లాం. గుమస్తా కాగితాలన్నీ తిరగేసి, ఒక్కటీ వెనక్కివ్వకుండా ముద్ర కొట్టాడు. "వచ్చే వారం విచారణకొస్తారు. జవాబు చెప్పేదెవరు?" అన్నాడు.

ఆరుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నేనుంటాను" అంది రత్నం.

మధ్యాహ్నం రెండింటి రైలుకి ఒక్కదాన్నే ఎక్కాను. ఒంటరిగా వదిలి వస్తున్నానన్న దిగులు మాత్రం కలగలేదు. అనకాపల్లిలో ఎక్కిన బెల్లం వర్తకుడు, "ఒక్కరే ఎలతన్నారేటమ్మా?" అన్నాడు.

"మా మరదలు పనిలో చేరింది. దింపి వస్తున్నాను."

"ఏ ఆఫీసు?"

"పేరింకా పెట్టలేదు" అన్నాను.