బోర్లించిన గిన్నెలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో చేయాల్సిన పనులను ఒక్కొక్కరు ఒక్కో తీరుగా గుర్తుపెట్టుకునేవారు. నాయనమ్మ కొంగుకు ముడులు వేసుకునేది. అమ్మ పొయ్యి అంటిస్తూ వేళ్ల కణుపుల మీద పనులు ఎంచుకునేది. నాన్నయితే పొలానికి పోతూ ఆ రోజు పనులన్నీ ఎడ్లకు చెప్పుకుంటూ పోయేవాడు. నా తలలో మాత్రం ఏదీ నిలిచేది కాదు. నీళ్లకని పోయి బిందె బావి దగ్గరే వదిలేసి, ఒడినిండా రేగుపండ్లతో ఇంటికి వచ్చేదాన్ని.

మా తమ్ముడు పుట్టిన ఏడు పల్లి చేను పీకే రోజులవి. అమ్మ బాలింత, మంచం దిగకూడదు. నాన్న, నాయనమ్మ తెల్లవారకముందే చేనికి పోవాలి. ఇల్లు నేను చూసుకుంటానని పట్టుబట్టాను. మొదటి రోజే దూడకు నీళ్లు తాపి, మళ్లీ కట్టడం మరిచిపోయాను. సాయంత్రం నాన్న పాలు పిండబోతే చుక్క కూడా రాలేదు. అంతా దూడే తాగేసింది.

"అమరచింతల ఉన్న మీ చిన్నమ్మ బిడ్డను పిలిపిస్త. నీకంటె చిన్నది, అయినా ఇల్లంత సక్కవెడ్తది" అంది నాయనమ్మ.

మా ఇంట్లో, మా అమ్మకు, మా తమ్ముడికి ఇంకో పిల్ల వచ్చి పనులు చేస్తే నేనెందుకు?

"రేపొక్కరోజు సూడు నాయనమ్మా."

"ఏం సూడాలె? మల్ల దూడ తాగినంక సూడాలెనా?"

అమ్మ మంచం మీదినుంచే నా తరఫున ఒక మాట అంటే, రేపు సాయంత్రం దాకా చూస్తానని నాయనమ్మ ఒప్పుకుంది.

మర్నాడు నేను నాయనమ్మ పద్ధతే పట్టాను. నాకు కొంగు లేదు కాబట్టి లంగా బొందు కొసలకు పనికొక ముడి వేసుకున్నాను. ఒక పని అయ్యేసరికి ఏ ముడి ఏ పనిదో తెలియలేదు. పైగా తమ్ముడి గుడ్డలు ఉతికేటప్పుడు బొందు తడిసి ముడులన్నీ బిగుసుకుపోయాయి. గడపలో కూర్చుని పళ్లతో విప్పుతుంటే పక్కింటి పెద్దమ్మ చూసింది.

"ఏందే పిల్లా, బొందు తింటున్నవా? ఇంట్ల అన్నం లేదా?"

ఏడుపు ఆపుకుంటూ అంతా చెప్పాను. ఆమె నవ్వలేదు. నా పక్కన కూలబడి, ఒక్కో ముడినీ గోటితో వదులు చేస్తూ మాట్లాడింది.

"మీ నాయనమ్మకు ముడి తడిమితె యాదికొస్తది. నీకు గట్ల రాదు. నీకు ఏం జేస్తె యాదికొస్తదో జర సోచాయించు."

ఆలోచించాను. "బిందె కండ్లవడితె నీళ్లు యాదికొస్తయి పెద్దమ్మా."

"మరి గింతసేపు పరేషాన్ ఎందుకు? కండ్ల ముందట వెట్టుకో."

ఇద్దరం కలిసి నా పనులను అరుగు మీదికి మోసుకొచ్చాం. నీళ్ల బిందె, అమ్మకు కషాయం కాచే గురిగి, బియ్యం చెరిగే చాట, బర్రెకు కుడితి పెట్టే బకెట్టు, దూడను కట్టే తాడు, అన్నీ వరసగా పెట్టాం. పని అయిపోగానే ఆ వస్తువును అక్కడే బోర్లించాలి. బిందె బోర్లిస్తే నీళ్లు పోవా అని అడిగాను. నీళ్లు తొట్టిలో పోసినాకనే బోర్లించు, తిక్కదానా అంది. మరి తాడును ఎట్లా బోర్లించాలని మళ్లీ అడిగాను.

"తాడు దూడ మెడకు వోతది. అరుగు మీద లేకుంటె పనైనట్టే."

ఆ మధ్యాహ్నం కూడా నేను ఆటలో పడ్డాను. నేనేమీ మారిపోలేదు. కానీ దాహమై ఇంటికి వస్తే అరుగు మీద బకెట్టు ఒక్కటే నోరు తెరుచుకుని నన్నే చూస్తున్నట్టు కనబడింది. ఆట వదిలేసి కుడితి పెట్టాను. బకెట్టు బోర్లించినప్పుడు అయిన చప్పుడు నాకు ఎంత ఇంపుగా ఉందో చెప్పలేను.

సాయంత్రం నాయనమ్మ వాకిట్లోకి వచ్చి ఆగిపోయింది.

"ఏందే, ఇల్లు ఖాళీ జేస్తున్నమా?"

లోపలికి పోయి తొట్టి చూసింది, అమ్మను అడిగింది, దూడ మెడ కింద తాడు లాగి చూసింది. నాన్న పిండిన పాలు చెంబు నిండా వచ్చాయి. నన్ను మెచ్చుకుంటూ ఒక్క మాట కూడా అనలేదు. కానీ మర్నాడు పొద్దున అమరచింత పోయే బండాయనను వీధిలో ఆపి, అందరికీ వినబడేలా చెప్పింది.

"మా కోడలి చెల్లెకు చెప్పు. ఇంటికాడ మా పిల్ల ఉంది, ఇంకెవలు రానక్కర లేదను."

మా పిల్ల అన్నది. చాట పట్టుకుని నిలబడిన నేను ఆ రోజు జానెడు పొడుగు పెరిగాననుకున్నాను.

ఒక దారి నాకు పొసగకపోతే నా తల మంచిది కాదని ఆ తర్వాత ఎప్పుడూ అనుకోలేదు. నాకు పొసగే దారి ఇంకోటి ఉంటుందని వెతికాను. మనవలు పుట్టాక నేను చదువు నేర్చుకోబోయినప్పుడు పలక మీద దిద్దిన అక్షరం పలక తుడిస్తే తలలోంచి కూడా పోయేది. రాత్రిబడిలో మాకు నేర్పే పిల్ల పాపం విసుక్కోకుండా మళ్లీ మళ్లీ దిద్దించేది. నా చేతికి బలపం కొత్త, ముగ్గు పాతది. అందుకని పొద్దున్నే వాకిలి ఊడ్చి, చుక్కలు పెట్టి, ముగ్గుపిండితో అక్షరాలు వేయడం మొదలుపెట్టాను. మెలికలు చేతికి తెలిసినవే, పేర్లే కొత్తవి. అలా వేసినవి నిలిచాయి. ఇప్పుడు ఈ నాలుగు ముక్కలు నేనే రాస్తున్నాను.

నా పేరు మొత్తం మొదటిసారి వాకిట్లో వేసిన రోజు ఆ పిల్ల మా ఇంటికి వచ్చింది. ఆగి, వంగి, పైకి చదివింది. తర్వాత చెప్పులు విడిచి, ఒక్క అక్షరం కూడా తొక్కకుండా గోడవారగా నడిచి లోపలికి వచ్చింది.